విద్యార్థి గడియలు

వ్యసనం అనే మాటకు తెలుగు వాడుకలో నేడు ఒక్క అర్థమే మిగిలినది. మానుకోలేని దురలవాటు అని. సంస్కృత నిఘంటుకారుల దృష్టి అంతకంటె విశాలమైనది. అమరకోశం ఆపదనూ, పతనాన్నీ, కామక్రోధాల వలన పుట్టిన దోషాన్నీ ఈ ఒక్క పదం కిందనే చేర్చినది. విసరుట, చెదరగొట్టుట అనే అర్థం గల ధాతువు నుండి పుట్టిన పదమిది. మనిషిని అతడు నిలువవలసిన చోటు నుండి దూరంగా విసిరివేసేది ఏదో అది వ్యసనం. అంతర్జాలానికి అలవాటుపడి చదువు చెడగొట్టుకొంటున్న విశ్వవిద్యాలయ విద్యార్థులను గూర్చి కొంతకాలంగా ఎంతో వ్రాస్తున్నారు, ఎంతో మాట్లాడుతున్నారు. ఆ వ్రాతలలో ఆపద అనే అర్థం మరుగున పడి దోషమనే అర్థమే ముందుకు వస్తున్నది. దోషం చేసినవానిని మందలించడం సులభం. ఆపదలో పడినవానికి మందలింపు ఏమి సాయం చేయగలదు?

మనుస్మృతి ఏడవ అధ్యాయంలో కామం వలన పుట్టే వ్యసనాలు పది అని ఒక పట్టిక ఉన్నది. వేట, జూదం, పగటినిద్ర, పరనింద, స్త్రీవ్యామోహం, మద్యం, నృత్యం, గీతం, వాద్యం, వృథాసంచారం. ఈ పట్టికను నేటి విద్యార్థి చేతిలోని ఫోను పక్కన పెట్టి చూచినవారికి ఆశ్చర్యం కలుగక మానదు. తుపాకులు పట్టి ఒకరినొకరు వెంటాడే ఆటలలో వేట ఉన్నది. రమ్మీ మొదలు క్రికెట్టు పందేల వరకు జూదమున్నది. పరనిందకు కొరతే లేదు. ఆటపాటలకు అంతులేదు. రాత్రి తెల్లవార్లు మేలుకొన్నవానికి పగటినిద్ర ఎట్లాగూ తప్పదు. ఇక వృథాసంచారమంటారా, వ్రేలితో తెరను పైకి తోసుకొంటూ, ఏమి చూస్తున్నాడో తనకే తెలియక గంటల తరబడి సాగిపోవడం కంటె దానికి మంచి ఉదాహరణ దొరకదు. పదింటిలో మద్యమొక్కటే ఫోనులో నుండి నేరుగా గొంతు దిగదు. (సంగీతాన్ని వ్యసనాలలో చేర్చడం త్యాగరాజ కీర్తనలు పాడుకొనే జాతికి అంతగా రుచించదు. ఆ చర్చ వేరు.)

ఈ పట్టిక సామాన్యుని కొరకు వ్రాసినది కాదు. రాజు కొరకు వ్రాసినది. దున్నుకొని బ్రతికేవానికి పది వ్యసనాలకు చాలినంత తీరిక ఎక్కడిది, ధనం ఎక్కడిది? వేటకు అడవి కావాలి, గుర్రం కావాలి. ద్యూతానికి సభ కావాలి. నృత్యగీతాలకు ఆటగత్తెలు, మేళగాండ్రు కావాలి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు, ఒక్కొక్క పరివారం. ఇవన్నీ పిలిచిన వెంటనే అందేది రాజుకే. నేడు ఆ రాజభోగం నెలకు కొద్ది వందల రూపాయలకు పల్లెటూరి పిల్లవానికి కూడ అందుతున్నది. కాని శాస్త్రకారులు రాజుకు భోగం చూపించి ఊరకుండలేదు. బాల్యం నుండి ఇంద్రియజయం నేర్పే గురువులను కూడ అతనికి నియమించినారు. పిల్లవాని చేతికి భోగం వచ్చినది గాని, దాని వెంట గురువు రాలేదు.

గంపలగూడెం సంగతి చూడవచ్చు. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మండల కేంద్రమది. తిరువూరుకు పొరుగున, ఖమ్మం జిల్లా సరిహద్దుకు చేరువగా, కట్లేరు పారే ప్రాంతంలో ఉన్నది. ఒకప్పుడు జమీందారీ గ్రామం. మామిడితోటలు, పత్తి, మిరప ఆ చుట్టుపక్కల వారి జీవనాధారం. మండలంలోని నెమలి గ్రామంలో వెలసిన వేణుగోపాలస్వామిని సేవించడానికి దూరదూరాల నుండి యాత్రికులు వస్తారు. ఇట్టి ఊళ్లకు విశ్వవిద్యాలయం రాదు. పిల్లలే దానిని వెదకుకొంటూ వెళ్లాలి. పదవ తరగతి వరకు ఇంటి అన్నం తిని, నడచియో సైకిలు మీదనో బడికి వెళ్లిన బాలుడు పదునైదు పదునారేండ్ల వయస్సులో పెట్టె సర్దుకొని విజయవాడకో, నూజివీడుకో, ఖమ్మానికో బయలుదేరుతాడు. ఆ తరువాత అతడు ఆ ఇంటికి సెలవులకు వచ్చే చుట్టమే. ఆ కుటుంబంలో కళాశాల మెట్టు ఎక్కిన మొదటివాడు అతడే కావచ్చు. అతని చదువులో ఒక్క ఏటి మిరపపంట కాదు, కొన్ని ఏండ్ల పంట ఇమిడి ఉన్నది. చెల్లెలి చదువు అతని చదువు ముగిసేవరకు ఆగి ఉండవచ్చు. అతడు మూడు నాలుగు పేపర్లు తప్పి వెనుకబడినాడంటే ఆ దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుందో పట్నవాసులకు సులభంగా ఊహకు రాదు.

అంతర్జాలం ఇట్టి ఊళ్లకు చేరిన క్రమం కూడ గమనింపదగినది. విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు అంతర్జాల సదుపాయం కల్పించినారు. చాల ఏండ్ల వరకు పల్లెవారి దృష్టిలో అది పట్నంలోని ఒక దుకాణం. పదవ తరగతి ఫలితమో, ఎంసెట్ ర్యాంకో చూచుకొనడానికి నెట్ సెంటరుకు వెళ్లి, గంటకింత అని చెల్లించి, చూచుకొని వచ్చేవారు. గంట కాగానే దుకాణదారు కేక వేసేవాడు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమై, కొన్ని నెలలు ఉచితంగా లభించినప్పటి నుండి ఆ కేక వినబడడం మానినది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని రాష్ట్రపతి జాతికి అంకితం చేసినారు. నెలకు 149 రూపాయల ప్రారంభ రుసుముతో టెలివిజను, ఫోను, అంతర్జాలం మూడూ ఒకే తీగ వెంట ఇండ్లకు చేరినవి. 2020 మార్చిలో కోవిడ్ మూలాన విద్యాలయాలు మూతపడి పాఠాలు ఫోనులోనికి వచ్చినవి. అంతవరకు పిల్లవాని చేతికి ఫోను ఇవ్వనని భీష్మించుకొన్న తండ్రి సైతం అప్పు చేసి ఫోను కొని ఇచ్చినాడు. అతని మనస్సులో అది ఆటవస్తువు కాదు, బడి. బడులు మరల తెరచిన తరువాత బడి ఫోనులో నుండి వెళ్లిపోయినది గాని, ఫోను పిల్లవాని చేతిలో నుండి వెళ్లలేదు.

ఇంతవరకు ఇది ప్రపంచమంతటి కథ. తెలుగునాట దీనికి ఒక ప్రత్యేకత ఉన్నది. అది ఇంటర్మీడియెట్ చదివే రెండేండ్ల కాలం.

వసతితో కూడిన జూనియర్ కళాశాలల దినచర్యను తెలుగు ఉపాధ్యాయులకు వేరుగా పరిచయం చేయనక్కరలేదు. తెల్లవారక ముందే గంట. వెంటనే చదువు. ఫలహారానికి గంట, తరగతికి గంట, భోజనానికి గంట, రాత్రి చదువుకు గంట, నిద్రకు గంట. ఫోను నిషిద్ధం. ఇంటికి మాట్లాడవలెనంటే నియమించిన రోజున వరుసలో నిలిచి, వార్డెను ఎదుట నాలుగు మాటలు మాట్లాడి రావాలి. ఆదివారం వచ్చినా పరీక్షయే. బాలుడు తన మనస్సును తాను గుర్తెరుగవలసిన ఆ పదునారు పదునేడేండ్ల ప్రాయంలో రోజుకు ఒక్క గడియ కూడ అతనిది కాదు. ఏది ఎప్పుడు చదవాలో ఇతరులు నిర్ణయిస్తారు. ఎంత చదివినాడో ఇతరులే కొలుస్తారు. అలసట కలిగితే ఎట్లు తీర్చుకోవాలో, విసుగు పుడితే దానితో ఏమి చేయాలో, చదవాలని లేనినాడు మనస్సును ఎట్లు బుజ్జగించి కూర్చుండబెట్టాలో అతడు నేర్చుకొనే అవకాశమే లేదు. ఆ కాలపట్టికలో విసుగుకు గడి లేదు.

రెండేండ్లు ముగుస్తవి. ర్యాంకు వస్తుంది, సీటు వస్తుంది. బహుమానంగా కొత్త ఫోను వస్తుంది. విశ్వవిద్యాలయ వసతిగృహంలో గది దొరుకుతుంది. గంట కొట్టేవాడు లేడు. తరగతికి పోకపోయినా ఆ పూట అడిగేవారు లేరు. రెండేండ్లు పస్తుంచినవాని ఎదుట ఒక్కసారిగా విందు పరచి, మితంగా తినడం చేతకాలేదని అతనిని నిందించడం ఏపాటి న్యాయం? వ్యసనంలో పడినవారందరూ క్రమశిక్షణ లేని పిల్లలని తలచడం పొరపాటు. గంటకు లేచి, గంటకు కూర్చుని, ఎదురు చెప్పక చదివిన పిల్లలు కూడ వారిలో ఉన్నారు. వారి క్రమశిక్షణ గంటలో ఉండినది. గంట ఆగినది.

దీనికి తోడు మరొక ఇబ్బంది ఉన్నది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి తరగతిలోని ఇంగ్లీషు ఉపన్యాసం మొదటి నెలలలో సగం కూడ బోధపడదు. లేచి అడుగుదామంటే నాలుక తడబడుతుంది, పక్కవారు నవ్వుతారేమోనని భయం. గదికి వచ్చి ఫోను తెరిస్తే అక్కడ అతనిని తప్పుపట్టేవారు లేరు. ఆటలో అతడు మహావీరుడు. సినిమా హీరోను గూర్చిన వాదాలలో అతడు మహావక్త. బయట దొరకని గౌరవం లోపల దొరుకుతున్నప్పుడు మనిషి లోపలికే పోతాడు. ఇందులో వింత లేదు.

గంపలగూడెం వంటి ఊళ్ల నుండి వెళ్లే చురుకైన పిల్లలకు మరొక దారి కూడ ఉన్నది. అది నూజివీడు దారి. 2008లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనం నోట ట్రిపుల్ ఐటీగా పేరుపడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో నెలకొల్పినది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధా పరిశోధనకు 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డి దానికి కొంతకాలం ఛాన్సలరుగా పనిచేసినారు. పదవ తరగతి మార్కుల మీద ప్రవేశం. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత మొగ్గు. ఇంటర్మీడియెట్ స్థాయి రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు, వెరసి ఆరేండ్ల చదువు. అన్నింటికంటె విశేషం, చేరిన విద్యార్థికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి దాని ద్వారానే పాఠాలు నేర్పడం.

ఈ ప్రయోగంలోని సాహసాన్ని మెచ్చుకోక తప్పదు. పట్నంలోని చాల ఇండ్లలో కూడ సొంత కంప్యూటరు లేని రోజులలో రైతుకూలీ బిడ్డ ఒడిలోనికి అది వచ్చినది. విజయవాడ పద్ధతి యంత్రాన్ని దాచిపెట్టినది. నూజివీడు పద్ధతి యంత్రాన్నే పలకగా చేసినది. ఈ రెండింటిలో రెండవదే భావికాలానికి తగినదని చెప్పవచ్చు. అయితే పలక మీద అక్షరం తప్ప మరేదీ కనబడదు. ల్యాప్‌టాప్ తెర మీద పాఠమూ అదే చోట, పాటా అదే చోట, ఆటా అదే చోట. ఒక్క మీటతో ఒకటి పోయి ఒకటి వస్తుంది. యంత్రం ఇచ్చినంత మాత్రాన దానిని ఎప్పుడు మూయవలెనో అది నేర్పదు. ఇది ఏ ఒక్క విద్యాలయానికో సంబంధించిన మాట కాదు. తెర మీద చదువు చెప్పే ప్రతి చోటా ఇదే చిక్కు.

పూర్వం విద్యార్థులకు వ్యామోహాలు లేకపోలేదు. పాఠ్యపుస్తకం నడుమ కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు నవల పెట్టుకొని చదివిన తరం ఇప్పుడు తాతల తరం. వెనుకగా వచ్చి నిలిచిన ఉపాధ్యాయునికి అట్ట చూడగానే సంగతి తెలిసిపోయేది. తెర ముందున్నవాని విషయంలో పాఠం ఎక్కడ ముగిసి వినోదం ఎక్కడ మొదలైనదో పక్కవారికి తెలియదు. ఒక్కొక్కప్పుడు చూచేవానికే తెలియదు. ఇంతకంటె పెద్ద భేదం మరొకటి ఉన్నది. యుగంధరుని పరిశోధనకు కడపటి పుట ఉండేది. సినిమా చివర 'శుభం' పడేది. విజయవాడ రేడియో కేంద్రం రాత్రి కాగానే ప్రసారాలు ముగించేది. ఆ ముగింపు దగ్గర మనిషి తల ఎత్తి గడియారం వైపు చూచేవాడు. అమెరికాలో ఆజా రాస్కిన్ అనే రూపకర్త 2006లో, పుటకు చివర అనేది లేకుండ, కిందికి పోయినకొద్దీ కొత్త విషయం వచ్చి చేరే పద్ధతిని రూపొందించినాడు. కొన్ని ఏండ్ల తరువాత తానే అందుకు బహిరంగంగా పశ్చాత్తాపపడినాడు. అప్పటికి ఆ పద్ధతి లోకమంతా అల్లుకొన్నది. భారత ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినది. పదునైదు దినాలు గడవక ముందే ఇన్‌స్టాగ్రామ్ వారి రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ వారి షార్ట్స్ మన దేశంలో అడుగుపెట్టినవి.

ఈ పనితనం వెనుక ఉన్న సూత్రం కొత్తది కాదు. బి. ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనోవిజ్ఞాని ఫెర్‌స్టరుతో కలిసి 1957లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. పంజరంలోని పావురం ఒక మీటను ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది. ఎన్ని పొడుపులకు ఒక గింజ పడుతుందో దానికి తెలియకుండ మార్చుతూ పోతే, ఆ పావురం అలుపు లేకుండ పొడుస్తూనే ఉంటుంది. గింజలు ఆపివేసిన తరువాత కూడ చాలసేపు పొడుస్తుంది. పది వీడియోలలో ఒక్కటి నచ్చుతుంది. ఆ ఒక్కటి ఎన్నవదో తెలియదు. అదే కిటుకు.

దీని ఫలితాలలో మొదటిది నిద్రకు కలిగే నష్టం. పద్దెనిమిది నుండి ఇరువదియైదేండ్ల వయస్సు వారికి రాత్రికి 7 నుండి 9 గంటల నిద్ర అవసరమని నిపుణుల అభిప్రాయం. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడే పని చాలవరకు నిద్రలోనే జరుగుతుంది. కావున నిద్ర చెడిన విద్యార్థి రేపటి తరగతినే కాదు, నిన్నటి తరగతిని కూడ పోగొట్టుకొంటున్నాడు. రెండవది చదవగల ఓపిక. ఈ నష్టం భాషాబోధకులకు మిగిలినవారి కంటె ముందుగా తెలుస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరకు వస్తుంది. పద్యంలో అయితే ఒక్కొక్కసారి కర్త మొదటి పాదంలోను, క్రియ నాలుగవ పాదంలోను ఉంటవి. అంతవరకు మనస్సును పట్టి నిలుపుకొంటేనే అన్వయం కుదురుతుంది. పదునైదు క్షణాలకు ఒకమారు దృశ్యం మారడానికి అలవాటుపడిన కన్ను రెండవ పాదంలోనే దారి తప్పుతుంది. పిల్లవానికి తెలివి లేక కాదు.

మూడవది ధననష్టం. అన్నింటిలోను ఘోరమైనది ఇదే. ఋగ్వేదం పదవ మండలంలో ముప్పదినాలుగవ సూక్తం ఒక జూదరి విలాపం. ఇక ఆడనని అతడు నిశ్చయించుకొంటాడు. మిత్రులు వెళ్లిపోతుంటే వెనుక నిలిచిపోతాడు. పాచికల చప్పుడు చెవిని పడగానే మరల పరుగెత్తుతాడు. భార్య దూరమౌతుంది, అప్పులు పెరుగుతవి, ఇంటివారు ఇతనిని తాము ఎరుగమంటారు. వేల ఏండ్ల నాటి ఆ మాటలలో పాచికల చప్పుడును ఫోను మ్రోతగా మార్చితే చాలు, నేటి సూక్తమౌతుంది. ఆ జూదరికి చివరకు వినబడే హితం, పాచికలు విడిచి పొలం దున్నుకొమ్మని. నేటి జూదరి తండ్రి దున్నుతూనే ఉన్నాడు. ఆ పంట డబ్బే పందెంలోనికి పోతున్నది. తెలంగాణ ప్రభుత్వం 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోను తమ జూద నిషేధ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించేటట్లు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినది. జూదానికి తోడుగా క్షణాలలో అప్పు ఇచ్చే యాప్‌లు వచ్చినవి. తీర్చలేనివారిని బెదరించి, ఫోనులోని బంధుమిత్రుల పేర్లన్నిటికి సందేశాలు పంపి పరువు తీసిన ఉదంతాలపై హైదరాబాదు పోలీసులు 2020 చివర కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేసినారు.

ఇంత చెప్పిన తరువాత, ఫోను పట్టిన ప్రతి విద్యార్థిని వ్యసనపరుడనడం తొందరపాటు. అమెరికాలో కింబర్లీ యంగ్ అనే మనోవిజ్ఞాని 1996లో ఈ విషయాన్ని విద్వత్సభ ముందుకు తెచ్చినది. జూదవ్యసనానికి వైద్యులు చెప్పిన లక్షణాలనే ఆమె అంతర్జాలానికి అన్వయించి ఎనిమిది ప్రశ్నలు కూర్చినది. ఎప్పుడూ అదే ధ్యాసగా ఉన్నదా, తగ్గించుకోబోయి విఫలమైనారా, ఎంతసేపు గడిపినారో ఇంటివారి దగ్గర దాచినారా, బాధను మరచిపోవడానికి దానిని ఆశ్రయించినారా, ఇట్టివి. అయిదింటికి అవునన్నవారిని వ్యసనపరులుగా గణించినది. అదే సంవత్సరం ఆమె ప్రకటించిన తొలి ఉదాహరణలోని వ్యక్తి విద్యార్థి కాదు. కంప్యూటరు చదువు లేని 43 ఏండ్ల గృహిణి. పిల్లలను కోప్పడే పెద్దలు ఈ సంగతిని గుర్తుంచుకొంటే మంచిది. ఇంట భోజనం చేస్తూ ఫోను చూచే తండ్రి మందలింపుకు ఏపాటి విలువ ఉంటుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో అంతర్జాల వ్యసనమనే పేరు లేదు. ఆటల రుగ్మత మాత్రం ఉన్నది. దానికి కూడ గంటల లెక్క గుర్తు కాదు. ఆట మీద అదుపు తప్పడం, జీవితంలోని మిగిలిన పనులన్నిటికంటె ఆటకే పెద్దపీట వేయడం, చెడు జరుగుతున్నదని తెలిసికూడ మానలేకపోవడం గుర్తులు. ఇది సాధారణంగా ఏడాది పాటు కనబడితేనే రోగమంటారు. రోజుకు ఆరు గంటలు తెర ముందు కూర్చుని ప్రోగ్రాములు వ్రాసే విద్యార్థికి రోగం లేకపోవచ్చు. రెండు గంటలు మాత్రమే చూచి, ఆ రెండు గంటల కొరకు అబద్ధాలాడేవాని సంగతి విచారించవలసి రావచ్చు.

చికిత్సకు ముందు లోకానికి తోచేది నిషేధం. 2007లో బొంబాయి ఐ.ఐ.టి. అధికారులు తమ 13 వసతిగృహాలలో రాత్రి 11 గంటల నుండి మరునాటి మధ్యాహ్నం 12.30 వరకు అంతర్జాలాన్ని ఆపివేసినారు. దక్షిణ కొరియా 2011లో పదునారేండ్లు నిండని పిల్లలు అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు వరకు కంప్యూటరు ఆటలాడరాదని చట్టం తెచ్చినది. పిల్లలు ఫోను ఆటలకు మరలినారు. చట్టం 2022 ఆరంభంలో రద్దయినది. చైనా 2021లో పద్దెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారాలలోను, సెలవు దినాలలోను రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకు మాత్రమే ఆట అని కట్టడి చేసినది. విశ్వవిద్యాలయ విద్యార్థులలో అత్యధికులు పద్దెనిమిది దాటినవారు. ఈ చట్టాల మేర వారి వరకు రాదు. వచ్చినా అది మరొక గంట కొట్టడమే గదా!

కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజు దినచర్య ఉన్నది. పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేసి ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పని నియమించినాడు. రాత్రి నాలుగు అయిదు భాగాలలో నిద్ర. అంటే మూడు గంటలు. ఇది విద్యార్థులు అనుసరించదగిన సలహా కాదు. కాని ఇంత కఠినంగా గడియలు పంచిన ఆ ఆచార్యుడే చివర ఒక వెసులుబాటు కల్పించినాడు. రాజు తన శక్తికి తగినట్లు పగలును రాత్రిని తానే విభజించుకొనవచ్చునట. కఠినుడని పేరుపడిన కౌటిల్యుడు రాజు చేతిలో విడిచిపెట్టిన ఈ అధికారం తెలుగు విద్యార్థి చేతికి పదునెనిమిదేండ్ల వరకు రాదు. అంతవరకు అతని గడియలను కళాశాల పంచుతుంది. ఆ తరువాత ఎక్కడో ఉన్న కంపెనీల లెక్కలు పంచుతవి. నడుమ అతని వంతు ఎప్పుడు?

ఆ వంతు బడిలోనే రావాలి. గంపలగూడెం ఉన్నత పాఠశాలకు గాని, తిరువూరు కళాశాలకు గాని ఇందుకు పెద్ద వ్యయం కాదు. రోజుకు అరగంట ఏ గంటకూ లోబడని కాలంగా విడిచి, ఆ అరగంటలో ఏమి చేయాలో పిల్లవానినే నిర్ణయించుకొనమని, చివర ఏమి చేసినాడో రెండు వాక్యాలు వ్రాయమని చెప్పవచ్చు. మొదటి నెల అల్లరి జరుగుతుంది. కొందరు ఊరక కూర్చుంటారు. ఊరక కూర్చోవడం కూడ నేర్చుకోవలసిన విద్యయే. తొమ్మిదవ తరగతిలో ఈ అరగంటను నిలుపుకొన్నవానికి పదునెనిమిదేండ్ల నాడు చేతికి వచ్చే ఇరువదినాలుగు గంటలు మరీ అంత కొత్తగా ఉండవు. విశ్వవిద్యాలయాలు కూడ మొదటి ఏడాది విద్యార్థికి ఇంగ్లీషులో తడబాటు పోయేవరకు ఒక సీనియరును తోడుగా నియమిస్తే, గదిలో ఒంటరిగా తలుపు వేసుకొనేవారు కొందరైనా తగ్గుతారు.

అప్పటికే మునిగినవారి కొరకు బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలో 2014 నుండి ప్రత్యేక చికిత్సాలయం నడుస్తున్నది. బెంగుళూరు తిరువూరుకు దూరం. ఖర్చు అటుంచి, మానసిక వైద్యుని దగ్గరకు పోయినాడన్న మాట ఊరిలో పొక్కుతుందనే భయం అంతకంటె పెద్ద దూరం. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే సేవను ప్రారంభించినది. 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే రుసుము లేకుండ, రాత్రింబగళ్లు ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడే సలహాదారులు దొరుకుతారు. ఈ సంఖ్యను ఉపాధ్యాయులు తరగతి గోడ మీద వ్రాసి ఉంచవచ్చు. రాత్రి రెండు గంటలకు నిద్ర పట్టక పొర్లే విద్యార్థి చేతిలో ఆ వేళ పుస్తకం ఉండదు, ఫోనే ఉంటుంది.